రెండవ కెమెరా ఎట్టిది కావలెను?

ఒక కెమెరా ఉన్న ఇంట రెండవ కెమెరా దేనికని ఇంటివారు అడుగుదురు. అడుగుట న్యాయమే. చేతి ఫోనుతో క్షణములో పది బొమ్మలు తీయగల ఈ కాలమున, ఫిల్ము రీలు వేసి తీసెడి పాత కెమెరాయే విలాసముగా తోచుచుండగా, దానికి జతగా మరియొకటి కొనుట వ్యసనమనిపించును. అయినను గోదావరి మండలమున ఇట్టి కెమెరాను ఇంకను వాడుచున్నవారికి ఒక సంగతి తెలియును. ఇచ్చటి దృశ్యములలో కొన్ని పన్నెండేండ్లకు ఒకమారు వచ్చును. కొన్ని మరల రానే రావు.

2015 జూలైలో గోదావరి పుష్కరములు జరిగినవి. కోటిలింగాల రేవున తీయదలచిన బొమ్మ ఆనాడు కెమెరా మొరాయించుటచే తప్పిపోయినచో, దానికి మరల అవకాశము 2027లోనే. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామివారి పాత రథము 2020 సెప్టెంబరులో అగ్నికి ఆహుతియైనది. 2021లో నూతన రథము సిద్ధమైనది గాని, పాతది కదలిన తీరును చూపగలవి ఛాయాచిత్రములే. రాజమహేంద్రవరమున హేవలాక్ వంతెన మీద 1900 నుండి నడచిన రైళ్ళు 1997లో నిలిచిపోయినవి. పోలవరము ఎగువన దేవీపట్నము పరిసరములలో ఇండ్లు నీటి పాలగుటచే జనము ఊళ్ళు విడిచి తరలిరి. ఇట్టి వానిని చిత్రించబూనిన వానికి షట్టరు నిలిచిపోవుట చిన్న చిక్కు కాదు. రెండవ కెమెరా మాట ఇచ్చటనే పుట్టుచున్నది.

రెండవ కెమెరా కోరువారు మూడు తెగలుగా ఉందురు. మొదటి తెగవారికి కావలసినది నిజముగా రెండవ ఫిల్ము. కనుమనాడు కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థమునకు పోయి చూడుడు. పచ్చని వరిచేల నడుమ, బోరున కాయు ఎండలో ప్రభ వచ్చుచుండును. అర్ధగంట గడచిన పిదప అదే ప్రభ కొబ్బరితోటలో చిక్కని నీడన నిలిచి ఉండును. ఎండకు తగిన మందమైన ఫిల్ము నీడకు చాలదు. నీడకు తగిన చురుకైన ఫిల్ము ఎండలో మితిమీరును. ముప్పదియారు బొమ్మల రీలును నడుమ మార్చుట సాధ్యమే గాని, తీర్థపు తొక్కిసలాటలో అది నరకము. రెండు కెమెరాలున్నచో ఒకదానిలో ఒక ఫిల్ము, రెండవదానిలో మరియొకటి. రంగుల ఫిల్మును నలుపు తెలుపు ఫిల్మును వెంట ఉంచుకొనదలచిన వారికిని ఇదే దారి.

రెండవ తెగవారు రెండు లెన్సులు కలవారు. మాటిమాటికి లెన్సు విప్పి బిగించుటకు విసిగి, ఒక్కొక్క లెన్సుకు ఒక్కొక్క పెట్టె కావలెనందురు. మూడవ తెగవారు ఆపదకు భయపడువారు. ఒకటి చెడినచో మరియొకటి చేత ఉండవలెనని వారి కోరిక. నా మట్టునకు మూడవదే బలమైన కారణము, మొదటిది హాయి నిచ్చు కారణము. రెండవది మాత్రము తరచుగా కొనుటకు వెదకుకొనిన సాకు. మీరు ఏ తెగవారో తేల్చుకొననిదే అంగడికి పోరాదు. ఏలయన, ఒక్కొక్క తెగకు తగిన కెమెరా వేరు.

రేంజ్‌ఫైండర్ అనగా నేమో ముందుగా గ్రహింపవలెను. ఒక కన్ను మూసుకొని సూదిలో దారమెక్కించుటకు ప్రయత్నింపుడు; దారపు కొన సూది బెజ్జమునకు ముందో వెనుకనో పోవుచుండును. రెండు కన్నులు తెరచినచో దూరము తెలియును. రెండు కన్నుల నడుమ ఎడమున్నందున ఒకే వస్తువు రెండింటికి కొంచెము భేదముతో కానవచ్చును. ఆ భేదము నుండియే మనస్సు దూరము నెరుగును. రేంజ్‌ఫైండర్ కెమెరాకును ముందువైపున అట్టి రెండు గవాక్షములు కలవు. ఒకదాని గుండ మనము నేరుగా చూతుము. రెండవదాని గుండ వచ్చిన బింబమును లోపలి అద్దమో పట్టకమో మలచి, మొదటి బింబము నడుమ చిన్న మచ్చగా చూపును. లెన్సు కట్టును త్రిప్పినప్పుడు లోపలి చేయి కదలి, ఆ మచ్చలోని బింబమును ప్రక్కకు జరుపును. రెండు బింబములును ఒకటైనచోట ఫోకసు కుదిరినదన్నమాట.

ఈ రెండు గవాక్షముల నడిమి దూరమును ఆధారరేఖ యందురు. ఆధారరేఖ ఎంత పొడవైన గురి అంత నిక్కము. అయితే చూచెడి గవాక్షము వస్తువును చిన్నదిగా చూపినచో ఆ నిక్కము కొంత తరుగును. కావున ఆధారరేఖను గవాక్షపు పెంపుతో హెచ్చించి చూడవలెను. 1954లో వచ్చిన లైకా ఎం 3 ఆధారరేఖ ఇంచుమించు 68 మిల్లీమీటర్లు, పెంపు 0.91, హెచ్చించిన 62 వచ్చును. 2000లో జపాను దేశపు కొసీనా కంపెనీ వోయిగ్ట్‌లాండర్ పేర విడుదల చేసిన బెస్సా ఆర్‌కు ఆధారరేఖ 37, పెంపు 0.68, ఫలము 25 మాత్రమే. ఇది విన్నంతనే బెస్సా పనికిరాదని త్రోసివేయరాదు. ఏ లెన్సుకు ఎంత నిక్కము కావలెనన్నదే ప్రశ్న.

దానికొక ఇంటి లెక్క కలదు. లెన్సు ఫోకల్ దూరమును దానితోనే హెచ్చించి, అపర్చరు సంఖ్యచే భాగింపుడు. 35 మిల్లీమీటర్ల 2.8 లెన్సుకు సుమారు 437 వచ్చును. 50 మిల్లీమీటర్ల 2 లెన్సుకు 1250. 90 మిల్లీమీటర్ల 4 లెన్సుకు 2025. అనగా 35 కోరు నిక్కమునకు 50 ఇంచుమించు మూడింతలును, 90 నాలుగున్నర ఇంతలకు పైగాను కోరును. 90 లెన్సు అపర్చరు చిన్నదే కదా, దానికి బాధలేదనుకొనువారు ఈ లెక్క ఒకమారు వేసి చూతురు గాక. కావున రెండవ కెమెరాకు ఎల్లప్పుడును విశాలమైన 35 లెన్సునో 28 లెన్సునో తగిలించి ఉంచదలచిన వానికి బెస్సా వంటి కురుచ ఆధారరేఖ కెమెరా చాలును, ధనము మిగులును. మొదటి కెమెరా చెడిననాడు 90 లెన్సును కూడ ఇదియే మోయవలెననినచో చాలదు. 2005 నుండి 2012 వరకు కొసీనావారే తయారుచేసిన జైస్ ఐకాన్‌కు ఆధారరేఖ 75, పెంపు 0.74, దాని ఫలము 55. అట్టివాని వైపు చూడవలెను.

ఇక మౌంటు, అనగా లెన్సును కెమెరాకు బిగించు పద్ధతి. నిజమునకు మొదట విచారింపవలసినది ఇదియే. జర్మనీలో వెట్జ్‌లార్ నగరమున లైట్స్ కర్మాగారపు ఓస్కార్ బర్నాక్ సినిమా ఫిల్మును నిశ్చల చిత్రములకు వాడ బూని, సినిమా చట్రమునకు రెట్టింపు చట్రము పట్టునట్లు చేసిన కెమెరా 1925లో లైప్‌జిగ్ ప్రదర్శనమున లోకమునకు వెల్లడియైనది. ఆ సినిమా ఫిల్ము మన గోదావరి తీరమునకును క్రొత్తది కాదు. 1930 దశకముననే రాజమండ్రిలో దుర్గా సినీటోన్ వెలసినది. లైకా రెండవ నమూనా 1932లో రేంజ్‌ఫైండర్‌తో వచ్చినది. దాని లెన్సు 39 మిల్లీమీటర్ల మర చుట్టుతో బిగియును. తరువాత సోవియట్ వారి ఫెడ్, జోర్కీలును, జపాను కానన్‌లును ఆ మరనే అనుసరించినవి. 1954లో ఎం 3తో లైకావారు మరను విడిచి, త్రిప్పి తగిలించు ఎం మౌంటును తెచ్చిరి.

ఇచ్చట ఒక మేలు కలదు. మర కెమెరాలో లెన్సు ఆనెడి అంచు ఫిల్ము నుండి 28.8 మిల్లీమీటర్ల దూరమున ఉండును. ఎం కెమెరాలో 27.8. తేడా సరిగా ఒక మిల్లీమీటరు. కనుక ఒక మిల్లీమీటరు మందము గల కట్టు మర లెన్సునకు తగిలించినచో అది ఎం కెమెరాపై చక్కగా కుదురును, ఫోకసు చెడదు. తిరుగుడు మాత్రము సాధ్యము కాదు. ఎం లెన్సును మర కెమెరాకు ఏ కట్టును బిగింపజాలదు. ఇంటనున్నవి మర లెన్సులైనచో రెండవ కెమెరా ఏ వైపుననైనను ఎన్నుకొనవచ్చును. ఎం లెన్సులైనచో ఎం కెమెరాయే కొనక తప్పదు. అది లైకాయే కానక్కరలేదు. 2002 నుండి వచ్చిన బెస్సా ఆర్ 2 తరగతి, 1999 నాటి కోనికా హెక్సార్ ఆర్‌ఎఫ్, అంతకు ముందటి మినోల్టా సీఎల్‌ఈ, పైన చెప్పిన జైస్ ఐకాన్, ఇవన్నియు ఆ మౌంటువే. కాంటాక్స్, దాని ననుసరించిన సోవియట్ కీవ్, నికాన్ ఎస్ తరగతి, వీని మౌంటులు వేరు. కీవ్ చౌక అని కొనినచో మీ లెన్సులు దానికి పట్టవు. మరల లెన్సులు కొనవలసి వచ్చును.

పుస్తకమున సరిపడునని ఉన్నదని తృప్తిపడరాదు. మీ లెన్సును జేబులో వేసుకొనిపోయి బిగించియే చూడవలెను. లోపలికి కుదించుటకు వీలైన పాత లెన్సులను లైకా ఎం 5, లైకా సీఎల్ కెమెరాలపై కుదింపరాదు. లోపల నిలిచియుండు మీటరు చేతికి తగులును.

గవాక్షములోని గీతల సంగతి పలువురు మరతురు. రేంజ్‌ఫైండర్‌లో లెన్సు గుండ చూడము. లెన్సు పట్టెడి మేరను గవాక్షమున మెరయు గీతలు చూపును. ఎం 3లో 50, 90, 135 లెన్సులకే గీతలు కలవు, 35కు లేవు. దాని తరువాతి ఎం 2లో 35, 50, 90. బెస్సా ఆర్ 4లో 21 నుండి 50 వరకు ఉండును, 90కు లేవు. మొదటి కెమెరా ఎం 3 అయి, రెండవదియు ఎం 3యే కొనుట ఆపదకు మేలు గాని, 35 లెన్సు కొనదలచినచో ఆ రెండును చాలవు. కళ్ళజోడు పెట్టుకొనువారు గవాక్షమునకు కన్ను ఆనించి, మీ లెన్సు గీతల నాలుగు మూలలును ఒక్కమారుగా కనబడునో లేదో చూచుకొనవలెను. ఎంత కీర్తి గాంచిన కెమెరా యైనను మూలలు కనబడనిచో మనకు గ్రుడ్డిదే.

ఇప్పుడు మన ఎండను గూర్చి. అద్దము గల రిఫ్లెక్సు కెమెరాలో లెన్సుకును షట్టరుకును నడుమ అద్దము అడ్డుగా నుండును. రేంజ్‌ఫైండర్‌లో అట్టి అడ్డు లేదు. లైకా, ఫెడ్, జోర్కీలలో షట్టరు రబ్బరు పూసిన గుడ్డ. పాపికొండల పడవలో మిట్టమధ్యాహ్నము కెమెరాను వెల్లకిలగా ఒడిలో ఉంచుకొని కబుర్లాడుచున్నప్పుడు, సూర్యుడు లెన్సు గుండ ఆ గుడ్డపై చుక్కగా నిలుచును. చిన్నపిల్లలు భూతద్దముతో కాగితము కాల్చునట్లే, కొన్ని క్షణములలో గుడ్డకు బెజ్జము పడును. తరువాతి ప్రతి బొమ్మలోను ఒకేచోట తెల్లని చుక్క! నడకలో లెన్సునకు మూత వేయవలెను. మూత లేనిచో అపర్చరును 16కు తగ్గించి, ఫోకసును దగ్గరకు త్రిప్పి ఉంచవలెను. 1959 నాటి కానన్ పి షట్టరు లోహపు రేకు. దానికి కాలుడు భయము తక్కువ. ఆ రేకుపై ముడుతలు కనబడిన చాలమంది బెదరి వదలివేయుదురు. పని సరిగా చేయుచున్నచో ముడుతలు దోషము కావు, వెల తగ్గింపుమని అడుగుటకు పనికివచ్చును. బెస్సాలలో నిలువున కదలు లోహపు పలకలు ఉండును.

పాత కెమెరాను కొనునప్పుడు వెనుక తలుపు తెరచి, లెన్సు తీసి, మంచి దీపమునకు ఎదురుగా పట్టి గుడ్డను పరీక్షింపవలెను. నక్షత్రమువలె ఒక్క వెలుగు చుక్క కనబడినను గుడ్డ మార్పవలసినదే. జోర్కీ, ఫెడ్‌ల విషయమున ఒక నియమము కలదు: ముందు ఫిల్మును తిప్పి, పిదపనే షట్టరు వేగమును మార్చవలెను. తిప్పక ముందు మార్చినచో లోపలి యంత్రము చెడవచ్చును. అమ్మువాడు మీ ఎదుట ఆ నియమమును పాటింపక వేగపు చక్రమును ఇటునటు త్రిప్పుచున్నచో, ఆ కెమెరా వాని చేతిలో ఎట్లు బ్రదికినదో ఊహించుకొనవచ్చును.

లెన్సు మార్చుటకు వీలులేని రేంజ్‌ఫైండర్‌లను రెండవ కెమెరాగా తలచువారును కలరు. ఇది తెలివైన ఆలోచనయే. గల్ఫు దేశములకు పోయివచ్చిన కుటుంబములు మన మండలమున అనేకము. ఏ బంధువుల బీరువాలోనైనను యాషికా ఎలక్ట్రో 35 వంటిది నిద్రించుచున్నదేమో విచారించి, పిదప డబ్బు తీయవలెను. 1966లో వెలువడిన ఆ కెమెరాకు 45 మిల్లీమీటర్ల 1.7 లెన్సు ఉన్నది. బొమ్మ దివ్యముగా వచ్చును. కాని దాని షట్టరు బ్యాటరీకి దాసి. నాడు వాడిన పాదరసపు బ్యాటరీలు నేడు తయారుకావు. వేరు బ్యాటరీని చిన్న కట్టుతో అమర్చుకొనవలెను. బ్యాటరీ లేనిచో సెకనులో అయిదువందలవ వంతు వేగమున మాత్రమే పనిచేయును, కొబ్బరితోట నీడలో అది నిష్ప్రయోజనము. 1972 నాటి కానన్ కానొనెట్ క్యూఎల్ 17 జీ 3కి బ్యాటరీ మీటరు కొరకే. షట్టరు బ్యాటరీ లేకయు అన్ని వేగములను ఆడును. ఆపద్బాంధవుడిగా నేను దీనికే ఓటు వేయుదును. చెడినచో రెండవ లెన్సు కూడ దానితోపాటే ఉన్నది గదా.

అదే లెన్సులు పట్టు డిజిటల్ కెమెరాలును 2004లో ఎప్సన్ ఆర్‌డీ 1తో మొదలై వచ్చుచున్నవి. అది వేరు ప్రసంగము.

తేమను గూర్చి చెప్పకుండ డెల్టాలో కెమెరా మాట పూర్తి కాదు. వానకాలము మొదలుకొని కార్తీకము వరకు మన గాలిలో తడి ఆరదు. లెన్సు లోపల బూజు సాలెగూడువలె పాకును. రెండు గవాక్షముల అద్దములపైనను పట్టి, రేంజ్‌ఫైండర్ మచ్చను మసకబార్చును. కొనునప్పుడు లెన్సును బ్యాటరీ దీపమునకు ఏటవాలుగా పట్టి చూడవలెను. నేరుగా చూచినచో బూజు దాగును. మచ్చలోని బింబము స్పష్టముగా, రంగు తేడాతో, అంచు తెలియునట్లు ఉండవలెను. వెలిసినదైనచో బాగుచేయువాడు దొరకుట కష్టము. అసలు మీ చేరువలో ఏ నగరమున ఏ నమూనాను బాగుచేయువారున్నారో ముందు విచారించి, ఆ నమూనానే కొనుట ఉత్తమము. రెండు కెమెరాలను తోలు సంచులలో ఉంచరాదు. తోలు తేమను పట్టి బూజును పెంచును. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లములతో ఉంచవలెను. వేయించిన బియ్యపు మూటను వాడువారు కలరు గాని, దాని నూక కెమెరా సందులలో చొరబడును. ఇంటి చీమలకు కూడ ఆహ్వానమే.

కొన్న తరువాత చేయవలసిన పరీక్షలకు ప్రయోగశాల అక్కరలేదు. రాజమహేంద్రవరము పుష్కరఘట్టమున నిలిచి, లెన్సును అనంతపు గుర్తుకు త్రిప్పి, ఎదుటి కొవ్వూరు గట్టుమీది తాటిచెట్లను చూడుడు. నది రెండు కిలోమీటర్లకు పైగా వెడల్పు. కెమెరాకు అది అనంతమే. రెండు బింబములు అచ్చముగా ఒకటి కావలెను. ప్రక్కకు గాని, ఎగుడుదిగుడుగా గాని జరిగియుండరాదు. పిదప ఇంటికి వచ్చి, బల్లమీద అయిదు అగ్గిపెట్టెలను ఒకదాని వెనుక ఒకటి ఏటవాలుగా నిలిపి, మీటరు దూరము నుండి మూడవదానిపై ఫోకసు నిలిపి, అపర్చరును పూర్తిగా తెరచి బొమ్మ తీయవలెను. ఫిల్ము కడిగినప్పుడు మూడవ పెట్టెయే తేటగా ఉండవలెను. రెండవది గాని నాలుగవది గాని తేటగా ఉన్నచో లోపలి చేతిని సర్దింపవలెను. అది మన చేతిపని కాదు. సున్నము వేసిన గోడను సెకనులో అయిదువందలవ వంతు, వెయ్యవ వంతు వేగములలో తీసి చూచినచో, బొమ్మ ఒక ప్రక్క నల్లబడియున్నదా అన్నది తెలియును. నల్లబడినచో షట్టరు గుడ్డ పరుగు సమముగా లేదని అర్థము.

ఈ పరీక్షలకు ఒక రీలు ఖర్చగును. ఊటీలో 1960లో ఏర్పడిన హిందూస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి ఇందు ఫిల్ము నేడు లేదు. దిగుమతి ఫిల్మునకు వెల హెచ్చు. అయినను ఆ ఒక్క రీలును ఆదా చేయబోయి, తీర్థమునాడు తొలిసారిగా కొత్త కెమెరాను మెడలో వేసుకొని పోవుటకన్న దుబారా లేదు.

జత కుదిరిన తరువాత రెండింటి పట్టీలకు రెండు రంగుల దారములు కట్టి, ఏ దారము కెమెరాలో ఏ ఫిల్ము ఉన్నదో చిన్న చీటీపై వ్రాసి అంటింపవలెను. రెండును ఒకే నమూనావైనచో ఈ పని మరింత ముఖ్యము. చీకటిలో చేయి రెండింటిని ఒకటే అనుకొనును. వేరు నమూనాలైనచో వేగపు చక్రములు ఎదురెదురు దిక్కులకు తిరుగవచ్చును. పండుగకు వారము ముందుగా రెండింటిని ఖాళీగానే చేతబట్టి, కన్ను మూసుకొని త్రిప్పుట అలవాటు చేసుకొనవలెను.